పాత డిస్కు వద్దన్నారు

మార్చి మొదటి వారంలో మా కంప్యూటర్ పాడైపోయింది. ఆ రోజు నేను మిల్లు నుంచి వచ్చేసరికి మా ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పగటిపూట నడుం వాల్చే మనిషి కాదు. టేబుల్ మీద మానిటర్ నల్లగా ఉంది. దాని ముందు పెట్టిన పలక మీద సుద్దముక్కతో రాసి ఉంది: "ఎనిమిదో తరగతి పేపర్లు మూడూ పోయాయి."

ఆయన మాట్లాడలేరు. అంతకు ఏడాదిన్నర ముందు గొంతులో కేన్సరని తేలితే గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింది గుంటలో రూపాయి బిళ్ళంత రంధ్రం ఉంటుంది. ఆయన ఊపిరి తీసుకునేది ముక్కుతో కాదు, ఆ రంధ్రంతోనే. దాని మీద ఎప్పుడూ పల్చటి తెల్లగుడ్డ కట్టుకుని ఉంటారు. జన్మలో సిగరెట్ ముట్టలేదు, వక్కపొడి కూడా వేసుకోలేదు. మరి ఎందుకొచ్చిందని అడిగితే, కొందరికి అలా వస్తుందమ్మా అన్నాడు డాక్టరు.

సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు బడిలో ఇరవై రెండేళ్ళు తెలుగు చెప్పారాయన. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. మైకు పనిచేయని రోజున కూడా చివరి వరస దాకా వినపడేది. ఆపరేషన్ తర్వాత బడివాళ్ళు శాలువా కప్పి పంపించారు. ప్రశ్నపత్రాలు టైపు చేసే పని ఇంటికే ఇస్తామన్నారు, ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. తర్వాత చుట్టుపక్కల మరో మూడు బళ్ళవాళ్ళు ఇవ్వసాగారు. నేను జిన్నింగ్ మిల్లులో పత్తి లారీలు తూకం వేసేచోట చీటీలు రాస్తాను. పత్తి వచ్చినన్నాళ్ళే నా జీతం. మార్చి అంటే మాకు పత్తి అయిపోయే నెల, బళ్ళలో పరీక్షలు మొదలయ్యే నెల. సరిగ్గా అప్పుడే అది పోయింది.

మర్నాడు ఉదయం సీపీయూని ఆటోలో వేసుకుని బస్టాండు వెనకున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. మా ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాడు. అందరూ భాయ్ అంటారు, నేనూ అలాగే అంటాను. విప్పి, లోపల దుమ్మంతా ఊది, ఒక్కో ముక్కా తీసి చూశాడు.

"బోర్డు కాలిపోయిందక్కా. అదైతే మార్చుకోవచ్చు. డిస్కు కూడా పోయింది. విను, టిక్కుటిక్కుమంటోంది."

చెవి దగ్గర పెట్టి విన్నాను. గోరుతో డబ్బాని కొడుతున్నట్టుంది. పేపర్ల సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు. కరోనాకి బళ్ళు మూసేసినప్పుడు ఆయన ఇంట్లో కూర్చుని రికార్డు చేసిన పాఠాలు గుర్తొచ్చాయి. పద్యాలు, వ్యాకరణం, వ్యాసాలు, నలభై పైనే ఉంటాయి. ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసేసి, చెమటలు కారుతూ చెప్పేవారు. కుక్కర్ విజిల్ వస్తే మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి వస్తుందని ఆ గంటసేపు నన్ను పొయ్యి వెలిగించనిచ్చేవారు కాదు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. అప్పటి ఫోన్లు రెండూ పోయాయి, పాఠాలు పంపిన బడి గ్రూపు ఎప్పుడో తీసేశారు. పెళ్ళి వీడియోలో ఉన్నది బ్యాండు మేళం ఒక్కటే. ఉన్న గొంతును దాచుకోవాలని ఎవరికి తడుతుంది?

ఆ మాటే భాయ్‌కి చెప్పాను. అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. ఇలాంటివి తను చేయలేనని, హైదరాబాదు పంపాలని, పన్నెండు వేలదాకా అడుగుతారని, వస్తుందని మాత్రం ఎవరూ రాసివ్వరని చెప్పాడు. అప్పటిదాకా ఆన్ చేయొద్దని డిస్కుని ఒక కవర్లో చుట్టి, పైన సార్ పేరు రాసి సొరుగులో పెట్టాడు.

మేం అన్నీ కలిపి కంప్యూటర్ కోసం తీయగలిగింది ముప్పై వేలు. ఇంటికి వెళ్ళేసరికి ఆయన ఇక పడుకుని లేరు. కాగితం మీద గళ్ళు గీసి, అచ్చం ప్రశ్నపత్రంలాగే పైన "క్రింది వానిలో సరైన దానిని ఎన్నుకొనుము" అని రాసి, కింద మూడు రకాలు రాశారు. ఒకటి, ఏదో ఆఫీసు వాళ్ళు వాడి తీసేసిన సెకండ్ హ్యాండ్ మెషిన్. రెండు, విడి భాగాలు కొని బిగించుకునే కొత్తది. మూడు, లాప్‌టాప్. మూడోదాన్ని ఆయనే కొట్టేశారు. రేడియేషన్ తర్వాత మెడ బిగుసుకుపోయింది, వంగి చూడలేరు. తెర కళ్ళకి ఎదురుగా ఉండాలి. రెండోదాని పక్కన టిక్కు పెట్టారు. దానికి యూపీఎస్ కూడా కలిపి లెక్క వేశారు. కరెంటు పోయి చేసిన పని ఎగిరిపోయిన రోజులు చాలానే ఉన్నాయి.

ఆయన నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. డిస్కు సంగతి చెప్పలేదు.

కొనడానికి గుంటూరు ఒక్కదాన్నే వెళ్ళొస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మిర్చి మంచి జోరు మీదున్న రోజులు. టిక్కీ బస్తాలు వేసుకున్న లారీలు మిర్చి యార్డుకి వరసగా వెళుతుంటాయి. ఆ ఘాటుకి ముక్కున్నవాళ్ళే తుమ్ముతారు. ఆయనకి ముక్కూ నోరూ అడ్డం లేవు, ఆ గాలి తిన్నగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. గుడ్డ తడిపి కట్టాను, ఇంకో రెండు తడి గుడ్డలు డబ్బాలో పెట్టుకున్నాను. బస్సులో కిటికీలు మూయించాను. అయినా ఊరు దగ్గరపడే కొద్దీ దగ్గు పట్టుకుంది. ఆయన దగ్గు చప్పుడు రాదు. ఒళ్ళంతా ఊగుతుంది, మెడ దగ్గర గుడ్డ లేచి పడుతుంది, కఫం చిమ్ముతుంది. మా ముందు సీట్లో ఆమె పిల్లని తనవైపు లాక్కుని కూర్చుంది. నేను గుడ్డ మారుస్తూ, ఇంత కష్టపడి మీరు రావడం దేనికండీ అన్నాను. ఆయన నా చేతిలో వేలితో రాశారు. "నేను కొనుక్కోవాలి" అని అర్థమైంది.

కొట్లో ఉన్నతను మర్యాదస్తుడే. కాకపోతే మా ఆయన నోట్‌బుక్కు తీసి రాయగానే, చెవులు కూడా వినపడవనుకున్నాడు. గట్టిగా అరిచి చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత నావైపు తిరిగి, "మేడం, సార్‌కి ఏం కావాలంట?" అని నన్నడిగాడు. మా ఆయన మళ్ళీ రాసి చూపించారు. అతను పెన్ను తీసుకుని జవాబు కూడా అందులోనే రాయబోయాడు. అప్పుడు ఆయన ఆ పెన్ను మెల్లగా వెనక్కి తీసుకుని, "నాకు వినపడుతుంది. ర్యామ్ ఎనిమిది చాలు. డిస్కు వేగంగా ఉండేది కావాలి" అని రాశారు. కొట్టతను సారీ సార్ అని ఒకటికి రెండుసార్లు అన్నాడు, కాని ఆ తర్వాత కూడా ధరలన్నీ నాకే చెప్పాడు, నేనూ జవాబులిస్తూ పోయాను.

లెక్క కట్టాడు. యూపీఎస్‌తో కలిపి ముప్పై వేలకి వందల్లో తక్కువ. పక్కనే బల్ల మీద సెకండ్ హ్యాండ్ మెషిన్ ఉంది, బండగా, నల్లగా. అది పదిహేను వేలకి వస్తుంది. ఆ రెండూ చూసేసరికి నేను ఆగలేకపోయాను.

"ఇది తీసుకుందామండీ," అన్నాను నల్లదాన్ని చూపించి. "మిగిలిన డబ్బుతో మన పాత డిస్కు హైదరాబాదు పంపిద్దాం. మీ పాఠాలు తిరిగి వస్తాయేమో."

ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఆశ్చర్యపోలేదు. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు నేనంటానని ముందే తెలిసినట్టుంది. నోట్‌బుక్కులో "వద్దు" అని రాసి కింద గీత గీశారు. ఎందుకు వద్దని గట్టిగానే అడిగాను. ఆ గొంతు మీ ఒక్కరిదేనా అన్నాను. ఈ పాతదాంట్లోనూ పేపర్లు కొట్టుకోవచ్చుగా, నాకోసం ఈ మాత్రం చేయలేరా అన్నాను. కొట్టతను ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళాడు. ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయట మెట్ల మీదికి తీసుకొచ్చారు.

చొక్కా జేబులోంచి ఒక నల్ల సంచీ తీశారు. అందులో ఏముందో నాకు తెలుసు. ఆసుపత్రిలో ఇప్పించిన పరికరం. చిన్న టార్చిలైటంత ఉంటుంది. మెడకి ఆనించి మీట నొక్కితే అదురుతుంది, ఆ అదురుకి నాలుకా పెదవులూ కలిపితే మాట వస్తుంది. మనిషి గొంతులా ఉండదు. ఎక్కడో మోటారు తిరుగుతూ మాటలు పలికినట్టుంటుంది. అది ఇంటికి తెచ్చిన రోజున ఆయన దాన్ని మెడకి పెట్టుకుని, నా వెనకనుంచి, "అన్నం తిన్నావా" అన్నారు. నేను ఉలిక్కిపడి తిరిగి చూశాను. ఏం చేయాలో తోచక వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి అంట్లు తోమాను. తోమాల్సిన అంట్లేం లేవు. ఆ సాయంత్రం నుంచి పరికరం బీరువాలోకి వెళ్ళిపోయింది. పలకా నోట్‌బుక్కూ మిగిలాయి. దాని గురించి మేం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

గుంటూరులో, అంతమంది తిరిగే రోడ్డు పక్కన, ఆయన దాన్ని మళ్ళీ మెడకి ఆనించారు. ముందు ఒట్టి చప్పుడొచ్చింది. ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. ఇంకొంచెం పక్కకి జరిపారు.

"ఆ గొంతు ఇంట్లో ఉంటే, ఈ గొంతుతో నేను మాట్లాడలేను."

ఆయన ఊపిరి పీల్చుకుని మళ్ళీ నొక్కారు.

"ఆ రోజు నీ ముఖం చూశాను."

ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. పరికరం జేబులో ఎందుకు పెట్టుకొచ్చారో అప్పుడు తెలిసింది. కొట్లో తనే మాట్లాడి, తనే బేరమాడి కొనుక్కోవాలని తెచ్చుకున్నారు. అక్కడికి వెళ్ళాక ధైర్యం చాల్లేదు. కొట్టతను అరిచి చెబుతుంటే, నేను పక్కనుండి అన్నిటికీ జవాబులిస్తుంటే, అది జేబులోనే ఉండిపోయింది.

లోపలికి వెళ్ళి ఆయన టిక్కు పెట్టిందే తీసుకున్నాం. పెట్టెలు బస్సెక్కించి ఇంటికి బయల్దేరాం. నాకు కోపం తగ్గలేదు. ఆయన చెప్పింది న్యాయమేనని తెలుసు, అయినా తగ్గలేదు. ఆయన పోగొట్టుకున్నది ఆయన గొంతు. నేను పోగొట్టుకున్నదీ అదే కదా. ఇరవై ఏళ్ళు పొద్దున్నే నన్ను లేపింది ఆ గొంతు. దాని గురించి ఏడవడానికి నాకు చోటు ఎక్కడుంది?

భాయ్ ఇంటికొచ్చి అన్నీ బిగించాడు. ఆయన ఏళ్ళ తరబడి వాడుతున్న పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో ఒక పట్టాన పడలేదు. ఒత్తులన్నీ చెదిరిపోయి, అక్షరాల మధ్య డబ్బాలు కనిపించేవి. రెండు రోజులు తంటాలు పడి దారిలో పెట్టాడు. ఆ రెండు రోజులూ ఈయన కుర్చీలోంచి లేవలేదు. తర్వాత పోయిన పేపర్లు మొదటినుంచి కొట్టి, పరీక్షలకి రెండు రోజుల ముందు అందించారు.

డిస్కు ఏం చేయమంటావని భాయ్ నన్ను విడిగా అడిగాడు. నేను తెచ్చుకుని మిల్లులో నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను. నెలరోజులు దాచాను. ఆయన దగ్గర అలా దాచుకోవడం నాకు చేతకాదు. ఒకరోజు భోజనాల దగ్గర చెప్పేశాను. ఆయన తినడం ఆపి, పలక అందుకుని, "నీ ఇష్టం. నాకు వినిపించకు" అని రాశారు. పన్నెండు వేలు విడిగా తీయడం మావల్ల ఇంతవరకూ కాలేదు. అయినా, డబ్బే అడ్డమని గట్టిగా చెప్పలేను. పంపితే, ఏమీ రాలేదని వాళ్ళు ఫోన్ చేస్తే? వచ్చిందని చేస్తే, నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కదాన్నే విని, తర్వాత ఆయన ముందుకి ఏ ముఖంతో వెళ్ళాలి?

పరికరాన్ని మాత్రం ఆయన మళ్ళీ బీరువాలో పెట్టలేదు. రోజూ అద్దం ముందు కొంతసేపు సాధన చేస్తారు. జూన్‌లో బళ్ళు తెరిచాక ఒకరోజు, పంపిన పేపర్లో తప్పుందని ఒక బడి హెడ్మాస్టరు మెసేజ్ పెట్టాడు. తప్పు లేదు. ఆయన ఫోన్ చేసి పరికరంతో మాట్లాడబోయారు. అవతల ఎవరు ఎత్తారో గాని, కంపెనీ వాళ్ళ కాల్ అనుకుని పెట్టేశారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఇటివ్వండి, నేను చెబుతాను అనే మాట నోటిదాకా వచ్చింది. ఆయన నావైపు చూడలేదు. మళ్ళీ నంబరు నొక్కారు. ఈసారి తన పేరూ, తెలుగు మాస్టారిననీ రెండుసార్లు ఆగి ఆగి చెప్పారు. ఐదో ప్రశ్నలో తప్పు లేదని, కావాలంటే పుస్తకం తీసి చూసుకోమని చెప్పారు.

ఆ గొంతు నాకింకా అలవాటు కాలేదు. అయింది అని ఆయనతో అంటూ ఉంటాను. ఆయన నమ్మినట్టు తల ఊపుతారు.