వర్గా అంటే చెప్పులు కుట్టేవాడు

ఇంటిపేరు అడిగితే నాకు ఒళ్ళు మండేది. సిడ్నీకి వచ్చిన కొత్తలో, అంటే ఎనభైల చివర్లో, ఆ ప్రశ్న చెవిన పడగానే చేతిలో పళ్ళెంతో సహా పెరట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి. అప్పటికి టూంగాబీ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో తెలుగు ప్రార్థన, తర్వాత భోజనాలు. ప్రార్థన జరిగినంతసేపూ అందరం క్రీస్తు బిడ్డలమే. పులిహోర వడ్డించే వేళకి మాత్రం ఎవరో ఒక పెద్దాయన నా పక్కకి జరిగి మొదలుపెట్టేవాడు. ఏ జిల్లా? గుంటూరులో ఎక్కడ? ఓహో, ఆ ఊళ్ళో మాకు తెలిసినవాళ్ళున్నారే, ఇంతకీ మీ ఇంటిపేరు? ఆయన అడిగేది ఇంటిపేరే గానీ, తెలుసుకోవాలనుకునేది మా కులం. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మా ఇంటిపేరు వింటే ఇంకేమీ అడగక్కర్లేదు. చెప్పులు కుట్టేవాళ్ళమని సూటిగా చెప్పేస్తుంది. మా నాన్న నిజంగానే చెప్పులు కుట్టేవాడు, బస్టాండు ఎదురుగా, నల్ల గొడుగు కింద. నన్ను మిషన్ స్కూల్లో చేర్చిన రోజు హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి, "పేరు మొత్తం రాస్తే రేపు పిల్లాడికి అడ్డమొస్తుందేమోరా" అన్నాడట. "అయితే తీసెయ్యండి అయ్యగారూ" అన్నాడట నాన్న, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. ఆయన పూర్తిగా తీసెయ్యలేదు, మొదటి అక్షరం ఉంచాడు. ఆ పొడి అక్షరంతోనే నేను ఎమ్మే దాకా చదివాను, పెళ్ళి చేసుకున్నాను, విమానమెక్కాను.

విమానం ఎక్కింది కూడా నా గొప్పతనంతో కాదు. మా ఆవిడ నర్సు, ఉద్యోగం వచ్చింది ఆవిడకి. రెండేళ్ళ పాపని ఎత్తుకుని నేను వెనకాల వచ్చాను. నా హిస్టరీ ఎమ్మే ఇక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది. చివరికి ఒక ఆసుపత్రి రికార్డు గదిలో గుమాస్తా పని దొరికింది.

తొంభైల మొదట్లో పౌరసత్వానికి అప్లికేషన్ పెట్టుకునే సమయం వచ్చింది. కౌంటర్లో ఉన్నమ్మాయి నా కాగితాలు చూసి, పొడి అక్షరాలు కుదరవు, పూర్తిగా రాయండి, లేదంటే తీసెయ్యండి అంది. అందులో ఏది రాస్తే ఇక అదే మా పాపకీ ఇంటిపేరు. కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. అది అక్కడే నెల రోజులు కూర్చుంది.

"తీసేద్దామండీ. పిల్లకెందుకు ఈ తలనొప్పి?" అంది మా ఆవిడ.

ఆవిడ పిరికిది కాదు. నర్సింగు హాస్టల్లో ఆవిడ గ్లాసు వేరే పెట్టినవాళ్ళని ఏడాది పాటు మొహం మీదే కడిగి పారేసిన మనిషి. అలా కడిగీ కడిగీ విసిగిపోయింది. నేనూ తీసేద్దామనే అనుకున్నాను.

మా రికార్డు గదికి పెద్ద ఒక హంగేరీ ఆవిడ. అరవైకి దగ్గర పడింది. వయసులో ఉండగా, యాభై ఆరులో వాళ్ళ దేశంలో తిరుగుబాటుని అణిచేసినప్పుడు, చేతిలో ఒక్క పెట్టెతో సరిహద్దు దాటి వచ్చేసిందట. అప్పటికి మా గదిలోకి కంప్యూటర్ ఇంకా రాలేదు. రోగుల పేర్లన్నీ అట్టకార్డుల మీద, ఇంటిపేర్ల వరసలో, పొడవాటి డ్రాయర్లలో ఉండేవి. కార్డులు సర్దుతున్నప్పుడు తమవాళ్ళ పేరు తగిలితే చాలు, ఆవిడ చెయ్యి ఆగిపోయేది, నోరు మొదలయ్యేది.

"కోవాచ్. అంటే కమ్మరి. సాబో, దర్జీ. మోల్నార్, పిండిమర నడిపేవాడు. అది మా ఇంటిపేరే."

"మీ నాన్నగారికి పిండిమర ఉండేదా?"

"మా నాన్న లెక్కల మాస్టారు. మరలో వేలు పెట్టినవాడు మా వంశంలో ఎవరికీ గుర్తులేడు."

చెప్పించుకునే కొద్దీ నాలోని హిస్టరీ ఎమ్మే లేచి కూర్చున్నాడు. కొన్ని వందల ఏళ్ళ కిందట వాళ్ళ ఊళ్ళలోనూ అందరికీ అవే నాలుగైదు పేర్లట, యోహాను, పేతురు, స్తెఫను. పన్నులు రాసుకునేవాడొచ్చి ఏ యోహాను అని అడిగితే, కమ్మరి యోహాను అనో, కుమ్మరి యోహాను అనో చెప్పేవాళ్ళు. తర్వాత కొడుకు ఆ పని చేసినా మానేసినా ఆ పేరు మాత్రం ఇంటికి అంటుకుపోయింది. ఊరికొక కమ్మరి లేకపోతే గడవదు గనక కోవాచ్‌లు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. తకాచ్ అంటే నేతగాడు, ఫాజెకాష్ అంటే కుమ్మరి, హలాస్ అంటే చేపలు పట్టేవాడు. పైగా వాళ్ళకీ మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. మా ఊరి పేటలన్నీ ఎవరో ఆ డ్రాయర్లలో పెట్టి తాళం వేసినట్టు అనిపించింది నాకు.

ఒకరోజు ఆవిడ కార్డుల మీద వేలు జరుపుకుంటూ వెళ్ళి, "వర్గా. చెప్పులు కుట్టేవాడు" అంది. ఆవిడ కాఫీకి వెళ్ళాక డ్రాయరు మళ్ళీ తీసి చూశాను. పదకొండు కార్డులున్నాయి. పదకొండు ఇళ్ళవాళ్ళు ఆ పేరు పూర్తిగా రాసుకుని, దాచుకోకుండా తిరుగుతున్నారు.

ఆ వారమే నేనొక వెర్రిపని చేశాను. ఎక్స్‌రేల కోసం కౌంటరు దగ్గరికి ఒకాయన వచ్చాడు. చీటీ మీద ఇంటిపేరు వర్గా. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. కుర్చీ వేశాను. మంచినీళ్ళు తెచ్చిచ్చాను. ఎక్స్‌రేలు చేతిలో పెడుతూ, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాను, "ఈ పేరుతో మీకు ఇబ్బందిగా ఉంటుందా?"

"ఎందుకు ఉండదు? బుడాపెస్ట్ టెలిఫోన్ పుస్తకంలో మా పేరు పేజీలకి పేజీలుంటుంది. మా తమ్ముడి నంబరు వెతకాలంటే సగం రోజు పట్టేది" అన్నాడాయన.

నేనింకా ఆగలేదు. "మిమ్మల్ని ఇళ్ళలోకి రానిస్తారా?" అనేశాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నేను ఇళ్ళు కడతాను బాబూ. నేను వెళ్ళకపోతే అసలు ఇల్లే ఉండదు" అని నవ్వుకుంటూ వెళ్ళి, పడవంత కారెక్కాడు.

వెనకాల మా హంగేరీ ఆవిడ అంతా వింది. ఏమిటా ప్రశ్న అని నిలదీసింది. చెప్పక తప్పలేదు. మా ఇంటిపేరు, దాని అర్థం, ఆ పేరు విన్నాక మనుషుల మొహాలు ఎలా మారతాయో, అన్నీ చెప్పాను. పెద్దయ్యాక ఆ పేరు నా నోటితో పూర్తిగా పలకడం అదే మొదలు. ఆవిడ చప్పున నా భుజం తట్టి, "మరి గర్వపడు! చెప్పులు లేకుండా ఎవడైనా పది అడుగులు నడవగలడా?" అంది.

అక్కడ నాకు కోపం నషాళానికంటింది. "మీకు చెప్పడం తేలికమ్మా! మీ పిండిమర ఎప్పుడో ఆగిపోయింది, పేరొకటి మిగిలింది. నేను ఎమ్మే చదివినా మా తెలుగువాళ్ళకి నా చేతిలో ఇంకా తోలే కనబడుతుంది" అని అరిచాను. కార్డుల గదిలో అరవకూడదని గోడ మీద బోర్డు కూడా ఉంది.

ఆవిడ నొచ్చుకోలేదు. "అది నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడాను, క్షమించు. ఒక్కటి చెప్పు. మీ నాన్న చెప్పులు బాగా కుట్టేవాడా?" అని అడిగింది.

అప్పటిదాకా నన్నెవరూ అది అడగలేదు. బ్రహ్మాండంగా కుట్టేవాడు! కిర్రుచెప్పులు ఆయన కుడితే వీధి చివర నుంచే చప్పుడు పట్టి ఫలానా మోతుబరి వస్తున్నాడని చెప్పొచ్చు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కాలి కొలతలు పట్టుకుని వచ్చేవాళ్ళు. అరగంట సేపు చెబుతూనే ఉన్నాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఇంత పనిమంతుణ్ణి ఒక అక్షరం వెనకాల దాచిపెట్టి తిరుగుతున్నానా అని.

తర్వాతి ఆదివారం ప్రార్థన మా ఇంట్లోనే. భోజనాల దగ్గర, మా పక్కపేట గిరావీన్‌కి కొత్తగా వచ్చిన ఒక అంకుల్ అలవాటు ప్రకారం నా పక్కకి జరిగారు. "ఏం బాబూ, మీ ఇంటిపేరు చెప్పనేలేదు?"

చెప్పాను. పూర్తిగా చెప్పాను. "మా నాన్న చెప్పులు కుట్టేవాడండీ, మంచి పేరున్న పనివాడు" అని కూడా చేర్చాను. గదిలో చెంచాలు ఆగాయి. అంకుల్ అప్పటికే మా ఇంటి కోడికూర రెండుసార్లు వేయించుకుని ఉన్నారు. ఇక వెనక్కి ఇచ్చే వీలు లేదు. "ఓహో" అన్నారు.

మా పాపకి అప్పుడు ఏడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. మూల నుంచి లేచి వచ్చి నా మోకాలు పట్టుకుంది. "తాత మేడ్ షూస్? విత్ హిజ్ హ్యాండ్స్?"

"అవునమ్మా."

"దెన్ హూ మేడ్ తాతాస్ షూస్?"

"తాత వేసుకునేవాడు కాదు."

"వై నాట్?"

నేను అంకుల్ వంక చూశాను. ఆయనకి ఆ జవాబు తెలుసు. ఎవరి వీధిలో ఎవరు చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలో గుంటూరు జిల్లాలో పెరిగిన ఆ వయసువాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయారు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. పాప జవాబు కోసం ఒకసారి అందరి మొహాలూ చూసి, "దట్స్ నాట్ ఫెయిర్" అని ఏడుపు గొంతుతో అంది.

వాళ్ళంతా వెళ్ళాక మా ఆవిడే ఫ్రిజ్ మీద కాగితం తీసి, దుమ్ము దులిపి, నా ముందు పెట్టింది. "మొత్తం రాయండి. నా పేరు పక్కన కూడా అదే రాయండి" అంది. రాశాను. అబద్ధమెందుకు, భయమే వేసింది.

తర్వాతి నెల ప్రార్థనకి ఒక కుటుంబం రాలేదు. మిగతావాళ్ళు వచ్చారు. అంకుల్ కూడా వచ్చారు, కాకపోతే ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ ఏడాదే కౌన్సిల్ హాల్లో పౌరసత్వం ఇచ్చే రోజు వచ్చింది. మా హంగేరీ ఆవిడ ముత్యాల దండ వేసుకుని వచ్చి వెనక వరసలో కూర్చుంది. మేయరు మైకు ముందు నిలబడి ఒక్కో కుటుంబాన్నే పిలుస్తున్నాడు. మా వంతు రాగానే ఆగాడు, కళ్ళజోడు సర్దుకున్నాడు. మా ఇంటిపేరుని ముక్కలు ముక్కలుగా, జాగ్రత్తగా, హాలంతా వినబడేలా చదివాడు. మా ఊళ్ళో మోతుబర్లు వాకిట్లోంచి ఆ పేరు పెట్టి కేకెయ్యడమే విన్నాను గానీ, అంత మర్యాదగా చదవడం ఎప్పుడూ వినలేదు. ఆ కేక వినబడితే మా నాన్న తల వంచుకుని పరిగెత్తుకెళ్ళేవాడు. నేను కళ్ళు తుడుచుకుంటూ ఇంకా కుర్చీలోంచి లేవనే లేదు, మా పాప అప్పటికే లేచి నిలబడి, స్కూల్లో హాజరు పిలిచినట్టు చెయ్యెత్తి, "హియర్!" అని గట్టిగా అంది.