ఒక్క కాయితంలో డిటెక్టివ్

వారపత్రిక కోసం జనం బస్సుకి ఎదురొచ్చే కాలం అది. ఇప్పటివాళ్లు నమ్మరు గానీ, ఆ రోజుల్లో మా పల్నాడులో పెళ్లికొడుకు ఆలస్యమైనా సర్దుకునేవారు, సీరియల్ ఆలస్యమైతే మాత్రం డ్రైవర్‌ని తిట్టేవారు. నేను ఏడో క్లాసులో చదువుకి సెలవు పెట్టి (ఆ సెలవు ఇంకా పూర్తి కాలేదు) నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్లే బస్సులో క్లీనరుగా చేరాను. ప్రతి శుక్రవారం పేటలో పత్రిక కొని, దారంతా నేను చదివేసి, రెంటచింతలలో మా మేనమామ కూతురికి అందించేవాణ్ణి. ఇంజనుకి నీళ్లు పోయడానికి బస్సు సరిగ్గా మామయ్య ఇంటి ముందే ఆగేది. ఆ ఊరి ఎండకి ఇంజనుతో పాటు నాకూ నోరెండిపోయేది. మరదలు గుమ్మంలో ఉంటే మరీను.

ఆ పత్రికలో ఒక డిటెక్టివ్ సీరియల్ వచ్చేది. డిటెక్టివ్‌కి ఒక వంటవాడుండేవాడు. పాపం, రచయితగారు అతనికి కాఫీ తెచ్చే పని తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. మా మరదలికి అది కష్టంగా తోచి, తనే ఆ వంటవాడి మీద చిన్న చిన్న కథలు రాసి వీధిలో ఆడవాళ్లకి వినిపించేది. ఒక్కో కథ ఒక్క కాయితం, అదీ ఒకవైపే. ఓ శుక్రవారం నాకూ ఒకటి ఇచ్చింది. డిటెక్టివ్ ఏ వేళకి ఇల్లు చేరతాడో తెలియక వంటవాడు రోజూ ఇద్దరికీ వండి కూర్చుంటాడు. ఆయన రాగానే "ఇప్పుడే పొయ్యి మీంచి దించానండీ" అంటాడు. ఆయన చల్లారిన అన్నం కలుపుకుంటూ "అవును, వేడిగా ఉంది" అంటాడు. అంతే కథ. అప్పటికే విన్న పక్కింటి పిన్ని పైటచెంగుతో కళ్లొత్తుకుంటోంది.

"ఇంతేనా? హత్య ఏదే?" అన్నాను.

"హత్య లేదు బావా."

"ఈ ముక్కకి వారమంతా కూర్చున్నావా? ఇంజనుకి నీళ్లు పోసేలోపు ఇట్టాంటియ్యి రెండు రాసి పడేస్తా."

"ఏందీ, పడేస్తావా? ఎన్ని కాయితాలు పొయ్యిలో పెట్టానో మా అమ్మనడుగు. సరే, నువ్వూ ఒకటి రాయి. ఒక్క కాయితం, ఒకవైపే. బాగుంటే మన పెళ్లికి సరేనంటా. లేదంటే వినుకొండ సంబంధం ఉండనే ఉంది."

అరుగు మీంచి మామయ్య "చిక్కావురా అల్లుడూ!" అని చుట్ట వెలిగించాడు. ఆయన ఇంట్లో కూతురి మాటకి తిరుగులేదు.

నవ్వుకుంటూ బస్సెక్కాను. నా కథలో డిటెక్టివ్ కూడా నరసరావుపేటలో బస్సెక్కాడు. పిడుగురాళ్ల దగ్గర ఒక ముసలమ్మ కోళ్లగంపతో ఎక్కింది. గంపకి టిక్కెట్టు కొట్టాలా వద్దా అని గొడవ. గొడవ తీర్చడానికి తెలివైన, అందమైన ఒక క్లీనరు వచ్చాడు (ఎవరి పోలికో చెప్పక్కర్లేదు). కాయితాలన్నీ నిండాయి, కథలో బస్సు ఇంకా గురజాల చేరలేదు. మా డ్రైవర్ బాబాయ్‌కి చదివి వినిపించాను.

"కోళ్ల గొడవ చానా బాగుందిరా," అన్నాడు. "ఇంతకీ డిటెక్టివ్ ఏడిరా?"

చూస్తే నిజమే, మనిషిని ఎక్కించి మర్చిపోయాను. ఇక కోతలు మొదలెట్టాను. ముసలమ్మని దించేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. కోళ్లని పంపిస్తుంటే నా సొంత కోళ్లు పోయినట్టు బెంగ పడ్డాను. ఒక వాక్యం తీస్తే దాని పక్కది కుంటేది, దాన్ని నిలబెడితే పైది పడిపోయేది. మాటలాడ్డానికి ఏనాడూ తడుముకోని నేను, ఒక్క మాట కోసం నెత్తి గోక్కుంటూ మాచర్ల బస్టాండులో బస్సు కడగడం మానేసి కూర్చున్నాను. ఓనరు తిట్టాడు. చివరికి ఎలాగో కాయితంలో ఇమిడింది. అందమైన క్లీనర్ని మాత్రం దించలేకపోయాను.

మరుసటి శుక్రవారం అది మరదలి చేతిలో పెట్టి, బోనెట్ ఎత్తి, బిందె ఖాళీ అయిందని కూడా చూసుకోకుండా ఇంజనులో నీళ్లు పోస్తూ నిలబడ్డాను. ఆమె నవ్వలేదు. ఏడవలేదు. వినుకొండ సంబంధం నా కళ్ల ముందు తలపాగా చుట్టుకుంటోంది.

"ఈ క్లీనరెందుకు బావా?"

"ఊరికే... బస్సన్నాక ఉంటాడు గదా."

చివరి వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది. బస్సు దిగిన డిటెక్టివ్, తన కోసం ఎవరూ రాకపోయినా, బస్సులోవాళ్లు చూస్తున్నారని, ఎవరో వచ్చారన్నట్టు దూరంగా చెయ్యి ఊపాడు.

"ఇది యాడ చూశావు?"

"యాడా చూళ్లా. ఆమధ్య నువ్వు అమ్మమ్మ ఊరెళ్లావే, ఆ శుక్రవారం పత్రిక పట్టుకుని దిగా. గుమ్మంలో ఎవరూ లేరు. బాబాయ్ చూస్తన్నాడని... నేనే ఊపా."

ఆమె ఆ వాక్యం కింద గోటితో గీత గీసింది. "మిగతాదంతా పొయ్యిలో పెట్టు బావా. ఇదొక్కటీ చాలు," అని, కాయితం మాత్రం నాకివ్వకుండా మడిచి లోపలికి పోతూ, "నాన్నా, ముహూర్తం అడుగు," అంది.

నా కాళ్లు భూమ్మీద ఆనలేదు. ఆ ఆనందంలో "రైట్ రైట్!" అని అరిచాను. బస్సు బయల్దేరింది, నేను తప్ప అందరూ అందులో ఉన్నారు. నడిరోడ్డు మీద, నడినెత్తిన ఎండలో, బిందె చంకలో పెట్టుకుని పళ్లికిలిస్తూ నిలబడ్డ ఆ కుర్రాడు ఇప్పటికీ నా కళ్ల ముందు మెదులుతాడు. వాడప్పుడే మామయ్యకి తన తరువాతి కథ చెప్పడం మొదలెట్టాడు, అది చానా పెద్దది. భుజం మీద చెయ్యేసి, "అబ్బాయ్, ఇక్కడ ఆపరా," అని చెబుదామనిపిస్తుంది. వింటాడా?