పెద్దమ్మ ప్రార్థనకు దాచిపెట్టిన జవాబు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలివి కాస్త ఎక్కువగానే ఉండేది; ఎవరూ అడగకపోయినా పంచిపెట్టేదాన్ని. మద్దిలపాలెం సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేర్చుకున్న విద్యను పెందుర్తిలోని మా చర్చి మీద ప్రయోగించడం అలాగే మొదలైంది. ప్రార్థన విన్నపాలు చీటీల మీద రాసి ఇవ్వడం దేనికి, ఫోన్లో పంపితే చాలదా అని పాస్టరుగారిని ఒప్పించి ఒక వెబ్ పేజీ తయారుచేశాను. అది సర్వర్‌లెస్ రకం. ఎవరైనా అడిగినప్పుడే లేచి, పని చేసి, మళ్లీ పడుకుంటుంది (ఇంట్లో నా పద్ధతీ అదేనని అమ్మ అనేది).

మొదటి ఆదివారమే పరువు పోయింది. సిగ్నల్ సరిగా లేక జనం 'పంపు' బటన్‌ని నొక్కిందే నొక్కారు. ప్రతి నొక్కుకీ ఒక విన్నపం నమోదైంది. మా మావయ్య మోకాలి నొప్పి కోసం పాస్టరుగారు మళ్లీ మళ్లీ ప్రార్థిస్తూనే ఉన్నారు. చివరికి మావయ్యే లేచి నిలబడి, "తగ్గిపోనాదండీ, ఇంక వొదిలేయండి" అన్నాడు. చర్చంతా నవ్వింది.

నాకు పౌరుషం వచ్చింది. వచ్చిన విన్నపమే మళ్లీ వస్తే నమోదు చేయకుండా, మొదటిసారి ఇచ్చిన 'అందింది' అన్న జవాబును దాచి ఉంచి దాన్నే తిరిగి చూపించేలా మార్చాను. రెండూ ఒకటేనని పోల్చుకోవడం ఎలా? పేరు చూద్దామంటే మనవాళ్లు ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో, ఇంకోసారి ఇంటిపేరుతో రాస్తారు. అందుకని పేరును పక్కన పెట్టి, విన్నపంలోని మాటల్ని మాత్రమే పోల్చమన్నాను. టైపు చేయలేని పెద్దవాళ్లు ఊరికే నొక్కి ఎంచుకునేలా రెడీమేడ్ వాక్యాలు పెట్టిందీ నేనే. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆలోచించే తీరిక ఈ మేధావికి లేకపోయింది.

తర్వాతి ఆదివారం ఒక్క విన్నపం కూడా రెండోసారి రాలేదు. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని నేను అటూ ఇటూ చూస్తున్నాను. 'మా ఆయన ఆపరేషన్ బాగా జరగాలి' అన్న విన్నపాన్ని పాస్టరుగారు వెనక వరస టీచరమ్మ పేరుతో చదివారు. ముందు వరసలో మా పెద్దమ్మ తల వంచుకుని ఇంకా ఎదురుచూస్తోంది. మర్నాడు పెదనాన్నకి గుండె ఆపరేషన్. ఆమెన్ అయిపోయింది, జనం లేచారు, ఆవిడ మాత్రం లేవలేదు.

"మీ పెదనాన్న పేరు సదవనేదేటే?" అంది మెల్లగా నాతో. "అందిందని ఫోన్లో వొచ్చింది గదా. నానే ఏదో తప్పు నొక్కీసినట్టున్నాను."

తప్పు తనదే అనుకుంటోంది! ఇద్దరూ నొక్కింది ఒకటే రెడీమేడ్ వాక్యం. టీచరమ్మకి ఇచ్చిన జవాబునే తీసి పెద్దమ్మకి చూపించి, ఆవిడ విన్నపాన్ని అవతల పారేసింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను. పరిగెత్తుకెళ్లి పాస్టరుగారికి చెప్పాను. ఆయన మైకులో, "మేము చదవని ప్రార్థనలు ఇంకెవరివైనా ఉన్నాయా?" అని అడిగారు. గుమ్మం దాటబోతున్న వాళ్లంతా ఆగిపోయారు. ఒక్కొక్క చెయ్యే లేస్తూ సగం చర్చి చేతులెత్తింది. "మా పిల్లదాని పరీక్షలని నీలాగే నానూ ఎట్టినాను బావా, అందుకే నా పేరు రానేదన్నమాట!" అన్నాడొకాయన పక్కాయనతో. అందరూ మళ్లీ కూర్చున్నారు. పాస్టరుగారు ముందు పెదనాన్న పేరే చదివారు. నేను పెద్దమ్మ పక్కన తల ఎత్తకుండా కూర్చున్నాను.

పెదనాన్న కులాసాగా ఇంటికొచ్చాడు. పేజీని కూడా సరిచేశాను. రాసిన ప్రతి విన్నపానికీ ఒక గుర్తు ఉంటుంది; దాన్ని ఎన్నిసార్లు నొక్కినా ఒకటే. కొత్తగా రాస్తే మాత్రం, మాటలు అవే అయినా అది కొత్త విన్నపమే. అయినా పెద్దమ్మ ఇప్పటికీ ఫోన్లో పంపి, ఆ పైన పాస్టరుగారి దగ్గరికెళ్లి నోటితో కూడా చెబుతుంది. అప్పుడు నేను ఎదురుపడితే, "నీ మీద నమ్మకం నేక కాదే, ఎందుకైనా మంచిదని" అంటుంది. అప్పటి ఆ తెలివైన పిల్లను తలచుకుని నేనూ నవ్వేస్తాను. పెద్దమ్మ కళ్లలోకి మాత్రం ఇంకా సూటిగా చూడలేను.