చల్ల ముంతకు పంచనామా

చెన్నూరులో లింగారావు నైజాం కాలం నుంచి ముప్పై ఏళ్లు పోలీసు పటేలుగా ఉన్నాడు. ఊరిని అనుమానించడమే ఆయన కొలువు. సర్కార్లు మారినా అది మారలేదు. డెబ్బయ్యో ఏట కొలువును అన్న కొడుక్కు అప్పగించాడు గానీ, అనుమానాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. అక్కడ దానికి దొరికింది కోడలు సరళాదేవి ఒక్కతే.

కారణం లేకపోలేదు. నెల రోజులుగా పొద్దున చల్ల తాగి లేవగానే ఆయనకు కళ్లు తిరుగుతున్నాయి, ముక్కు బిగుసుకుపోతోంది. రెండుసార్లు గడప మీద పడ్డాడు. దాంతో శాస్త్రోక్తంగా విచారణ మొదలైంది. చల్ల ముందు పిల్లికి, తరువాత కోడలికి, ఆ తరువాతే పటేలుకు. పిల్లి బలిసింది. కోడలు చిక్కింది. పటేలు మూడోసారి పడ్డాడు.

“శనివారం దాక చూస్త మామయ్యా. నా మీది మాట తేల్చుండ్రి,” అంది సరళాదేవి. “లేకుంటే ధర్మపురిల మా అవ్వగారింటికి పోత. గా పిల్లే మీకు వండిపెడ్తది.”

శుక్రవారం పటేలు చల్ల ముంతకు గుడ్డ కట్టి, లక్కముద్ర వేసి, సర్కారు దవాఖానకు మోసుకుపోయాడు. కంపౌండరు పర్శరాములు ముంతను వాసన చూసి, పటేలు రక్తపోటు చూసి ఉలిక్కిపడ్డాడు.

“సల్లల ఏం లేదు పటేలా. మీ బీపీయే పాతాళంల ఉన్నది. మేమిచ్చిన బీపీ గోలీలు ఎన్ని మింగుతున్నరు?”

“పొద్దున ఒక్కటే.”

“వేరే మందులేం తింటలేరు గద?”

“మందా? రామ రామ!”

పటేలు అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో మందంటే దవాఖానలో ఇచ్చేది.

“మరి తువ్వాల కొసకు గా ముడి ఏంది?”

“గది మందు గాదోయ్, వేరు. సర్పగంధ పొడి. నెల కింద నాటు వైద్యుడు ఇచ్చిండు. పిల్లి తాగినంక, కోడలు తాగినంక, నేను సల్లల కలుపుకుంట.”

“నాకెందుకు చెప్పలే?”

“నీ మీద నమ్మకం లేక.”

“గోలీ సంగతి వైద్యునికన్న చెప్పిండ్రా?”

“ఆయన మీద గంత గూడ లేదు.”

పర్శరాములు తల పట్టుకున్నాడు. “గోలీ గూడ గా వేరు నుంచి తీసిందే పటేలా! గీ వయసుల ఒక్క పాలే ఎక్కువ, మీరు రెండు పాళ్లు తింటున్నరు. పొడి బంద్ చెయ్యుండ్రి. లేకుంటే ఇంకోసారి పడితే లేవరు.”

ముప్పై ఏళ్ల కొలువులో నేరస్తుడు అంత దగ్గరగా దొరకడం లింగారావుకు అదే మొదలు.

శనివారం పొద్దున సరళాదేవి మూట కట్టుకుని కూర్చుంది. మామగారు వచ్చి తువ్వాలు ముడి విప్పి, పొడి పొట్లమూ గోలీల సీసా రెండూ ఆమె ముందు పెట్టాడు.

“పొడి పారెయ్యి బిడ్డా. గోలీ నువ్వే ఇయ్యి. నా చేతికి మందియ్యకు, గా మనిషిని నమ్మరాదు.”

ఆమె చల్ల తెచ్చి, అలవాటు కొద్దీ ముందు తాను తాగబోయింది. ఆయన ముంత లాక్కుని గటగటా తాగేశాడు. ఆమె మూట విప్పింది.

పిల్లి మాత్రం తన వంతు కోసం చాలాసేపు చూసింది.