గుప్పెడు నూకలకు కొన్న బిడ్డ

1954లో నన్ను మలయాలోని తెలుక్ ఆన్సన్ సంక్షేమ శాఖ ఆఫీసులో అసిస్టెంటుగా వేశారు. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, ఇంకా మూడేళ్ల దూరంలో ఉంది. అడవుల్లోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ మాత్రం ప్రతి గుమ్మంలోనూ ఉంది. హోదాకు అసిస్టెంటునే గానీ, బాగన్ దాతుక్ వైపు తోటల నుంచి తెలుగువాళ్లు ఎవరొచ్చినా దుబాసీని కూడా నేనే. మా నాన్న కొబ్బరితోటలో కిరానీ గుమస్తా కాబట్టి వాళ్ల మాట నాకు పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. ఆ పనికి అదనంగా జీతం లేదు, తిట్లు మాత్రం రెండు వైపుల నుంచీ దక్కేవి.

దుబాసీకి నియమం ఒక్కటే, విన్నది విన్నట్టు చెప్పడం. మెత్తన చేయకూడదు, దాచకూడదు.

ఆ ఏడాది సుంగై సుమున్ దగ్గరి తోట నుంచి సూరన్న, అప్పలనర్సమ్మ అనే దంపతులు వచ్చారు. ఆయన కాయలు దింపేవాడు, ఆమె కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో పని చేసేది. ముగ్గురు పిల్లలు పుట్టి, ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారు. శ్రీకాకుళం దగ్గరి ఊళ్లో సూరన్న తమ్ముడికి ఐదో ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను వీళ్లకు పెంచుకోమని ఇస్తానన్నాడు. ఓడెక్కి వెళ్లి తెచ్చుకోవాలి.

ఆ రోజుల్లో వెళ్లడం ఒక ఎత్తు, తిరిగి రావడం ఇంకో ఎత్తు. తిరిగి రానిచ్చే పర్మిట్ లేకుండా ఓడెక్కితే మళ్లీ మలయా గట్టు తొక్కే ఆశ వదులుకోవాల్సిందే. బిడ్డకు వేరే అనుమతి కావాలి. దానికి ముందు మా ఆఫీసు, వీళ్లు బిడ్డను సవ్యంగా పెంచగలరని రిపోర్టు రాయాలి. మా ఆఫీసరు ఇంగ్లీషాయన, మనిషి మంచివాడే. కానీ పేదింటి ఆడపిల్లల్ని కొని తెచ్చి పనిమనుషులుగా వాడుకున్న కేసులు చాలా చూసినవాడు. అందుకే ఎవరొచ్చినా మొదట అడిగేది, బిడ్డకు బదులుగా ఏమిస్తున్నారని.

సూరన్న నోరు తెరిచేలోగా నర్సమ్మ చెప్పేసింది. "ఊరకే ఎందుకు తెత్తాను? కొనుక్కుంటాను."

విన్నది విన్నట్టు చెప్పాను. ఆఫీసరు కలం కింద పెట్టేశాడు.

దుబాసీగా కాదు, తెలుగుదాన్నిగా రెండు మాటలు చెప్పుకోనివ్వమని అడిగాను. బిడ్డలు దక్కని తల్లికి మళ్లీ బిడ్డ వస్తే, ఆ బిడ్డ ఆమెది కానట్టు ఇంకొకరి చేతిలో పెట్టి, గుప్పెడు నూకలిచ్చి కొనుక్కుంటారు. కొన్న బిడ్డ జోలికి మృత్యువు రాదని మావాళ్ల నమ్మకం. నూకరాజు, నూకాలు అనే పేర్లు కొన్ని అలా పెట్టినవే. ఆఫీసరు అంతా శ్రద్ధగా విని, అయితే మరీ సులువు, బిడ్డకు బదులుగా ఆ కన్నవాళ్లకు ఏమీ ఇవ్వనని రాసి వేలిముద్ర వేయమనండి అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంత చెప్పాక కూడా అదే మాటా అనిపించింది. అయినా ఆయన అన్నది కూడా విన్నట్టే చెప్పాలి, చెప్పాను.

నర్సమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "నానెయ్యను. ఊరకే ఎత్తుకుంటే ఈ గుంట కూడా నా ఒళ్లోనే పోతాది. కాయితం కోసరం పేణం తియ్యమంటారేటి అమ్మగోరూ?"

వేలిముద్ర లేకపోతే ఫైలు మూసేయడమే. ఆఫీసరు భోజనం నుంచి వచ్చేదాకా గడువిచ్చాడు. వరండాలో సూరన్న బతిమాలాడు. మొండికేస్తే ఉన్న ఆశా పోతుందని నేనూ కాస్త గట్టిగానే అన్నాను. చివరికి దారి సూరన్నే చూపించాడు.

"అక్కడ నూకలొద్దు. గుంటని నానెత్తుకుంటాను. మన లైన్లకొచ్చినాక పక్కింటి పైడమ్మొదిన సేతిలో ఎడతాను, తన కాడ కొనుక్కో. అందాకా నువ్వు ముట్టకు."

నర్సమ్మ మొగుడి మొహంలోకి చూసింది. "నీళ్లు పొయ్యడం వచ్చేటి నీకు?"

"నేర్సుకుంటాను" అన్నాడు.

ఈ ఏర్పాటు ఆఫీసరుకు చెప్పాను. తిరిగొచ్చాక ఇంట్లో ఏ తంతు చేసుకున్నా తనకు అభ్యంతరం లేదన్నాడు. వేలిముద్ర పడింది.

తర్వాత ఇల్లు చూసి రాయడానికి వాళ్ల తోటకు వెళ్లాను. లైన్లని పిలిచే కూలీల ఇళ్ల వరసల చుట్టూ ముళ్లకంచె ఉండేది. అడవిలో ఉన్న తిరుగుబాటుదార్లకు తిండి చేరకుండా గేటు దగ్గర ప్రతి మూటా విప్పి చూసేవారు. బియ్యపు గింజ బయటికి పోతే జైలే. ఆఫీసరు ఒప్పుకున్నా ఆ నూకలు ఓడ దాకా వెళ్లేవే కావు. లోపల, పక్కింటి పైడమ్మ మనవణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకుని సూరన్న నీళ్లు పోస్తున్నాడు. ఆడవాళ్లు చుట్టూ చేరి, కొబ్బరికాయ కాదు మెల్లగా పట్టమని ఒకటే ఎగతాళి. అతను తలెత్తలేదు. డబ్బాపాలు కలపడం, గుడ్డలు మార్చడం, అన్నీ ఆ పిల్లాడి మీదే నేర్చుకున్నాడు. నర్సమ్మ గడపలో కూర్చుని తప్పులు దిద్దేది. నేను సరేనని రిపోర్టు రాశాక, టీకాలు వేయించుకుని, పర్మిట్లు తీసుకుని ఇద్దరూ ఓడెక్కారు.

తిరిగొచ్చిన రోజున పినాంగ్ రేవు నుంచి ఫోనొచ్చింది. తల్లి బిడ్డను ఒక్కసారి కూడా ముట్టలేదు, ఏడ్చినా దగ్గరికి తీయలేదు, ఇది పనికోసం తెచ్చిన పిల్లేనని అక్కడి అధికారి అనుమానం. మా ఆఫీసరు కారణం చెప్పినా ఆయన సమాధానపడలేదు. పిల్లను తాత్కాలికంగా లోపలికి వదిలాడు గానీ, తల్లి చేతుల్లో ఉండగా చూసి రాస్తేనే అనుమతి ఖాయమన్నాడు. లేకపోతే పిల్ల వెనక్కే. చూసి రమ్మని నన్ను పంపారు.

నేను వెళ్లేసరికి పైడమ్మ గుమ్మంలో చాప పరిచి ఉంది. సూరన్న బిడ్డను ఆమె ఒళ్లో పెట్టి దూరంగా జరిగాడు.

"నా గుంటనమ్ముతాను. ఏటిత్తావు?" అంది పైడమ్మ.

"నూకలిత్తాను."

నర్సమ్మ గుప్పెడు నూకలు పైడమ్మ కొంగులో పోసి, బిడ్డను అందుకుంది. అన్నాళ్లూ సూరన్న చేతుల్లోనే పెరిగిన పిల్ల కొత్త చేతుల్లో గుక్కపట్టి ఏడ్చింది, అతని వైపు చేతులు చాచింది. సూరన్న ఆగలేక ఒక అడుగు ముందుకేశాడు. పైడమ్మ కూడా ఇటిచ్చేయమంది. నర్సమ్మ వదల్లేదు. ఆమె మొహమంతా తడిసిపోయి ఉంది.

"ఏడవనీండి" అంది. "ఆ ముగ్గురూ ఏడుపు ఆపేసినాకే పోయినారు."

తల్లి చేతుల్లో చూశానని రాశాను, అనుమతి ఖాయమైంది. ఆ తర్వాత నా కింద ఉద్యోగంలో చేరిన ప్రతివాళ్లకూ ఒక్క మాటే చెప్పేదాన్ని. బిడ్డను ఎత్తుకోని తల్లి కనిపిస్తే, ప్రేమ లేదని రాసే ముందు, ఎందుకు ఎత్తుకోలేదో ఆమెనే అడగండి.