మొదట ఊరు, తర్వాత ఇంటిపేరు

సోషియాలజీ లెక్చరర్ రత్నాకర్‌కు మెదక్ టౌన్లో ఇళ్లు కిరాయికిచ్చేవాళ్లంటే ఒళ్లుమంట. మొదట ఏ ఊరంటారు, తర్వాత ఇంటిపేరేందంటారు, నీసు తింటరా అంటారు. కులం నేరుగా అడగడానికి మాత్రం మహా మర్యాద అడ్డొస్తుంది. శంకరంపేటలో ఊరి బట్టలుతికిన గాలయ్య కొడుకు తనని తేలగానే, ఇంట్ల మా బామ్మర్ది దిగుతుండు సార్ అంటారు. ఛీ, ఈ ఊళ్లో ఇంతమంది బామ్మర్దులు ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తున్నారని ఇంటికొచ్చి భార్య అరుణ ముందు పళ్లు కొరికేవాడు.

ఆ మంటతోనే ఆ ప్రశ్నల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. ఓనర్ల గొంతులు అనుకరిస్తూ పాఠం చెబుతుంటే క్లాసంతా పడీపడీ నవ్వేది.

తెలంగాణ ఉద్యమంలో నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు భూస్వామి దామోదర్ మైకు పట్టుకుని, మనకిక కులాల్లేవని గొంతు చించుకున్నాడు. రత్నాకర్ భుజమ్మీద చెయ్యేసి, పక్కనే కూచుని తిన్నాడు. ఆయన మేడ మీది వాటా ఖాళీగా ఉందని మర్నాడు వెళితే అదే వరస. ఊరు, ఇంటిపేరు, బామ్మర్ది. తిన్న అన్నం ఇంకా అరిగిందో లేదో, సిగ్గులేని మనిషి.

"సొంతిల్లు కట్టుకుందం," అన్నాడు రత్నాకర్ అరుణతో, ఆ గేటు దాటుతూనే. "మనింట్లకు కిరాయికొచ్చినోళ్లను గీ మాటడిగితే నా నోరు పడిపోను."

రాష్ట్రమొచ్చింది, ఇల్లూ లేచింది. పై వాటాకు టులెట్ బోర్డు కట్టారు. మొదటగా వచ్చినవాడు ఎల్లం. ఒకప్పుడు రత్నాకర్ క్లాసులో చదివి, ఇప్పుడు మెదక్‌లోనే టీచరుగా చేరాడు. సారు తనను గుర్తుపట్టలేదని తెలిసినా, తనే చెప్పి ఆశ్చర్యపరుద్దామని నవ్వుతూ కూచున్నాడు. వంటింటి గుమ్మంలోంచి అరుణ, అడగమన్నట్టు కనుబొమ్మలెగరేసింది. మీద ఉండేవాళ్లెవరో తెలుసుకోవద్దా, ఇందులో తప్పేముందని రత్నాకర్ తనకు తానే సర్దిచెప్పుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఏ ఊరు తమ్మీ?"

"చేగుంట సార్."

"ఇంటిపేరేంది?"

ఎల్లం మొహంలో నవ్వు చచ్చిపోయింది. లేచి బయటికెళ్లి చెప్పులు తొడుక్కున్నాడు.

"బామ్మర్ది దాంక పోకుండ్రి సార్. గిదంత మీ క్లాసులనే విన్న."

రత్నాకర్ నోరేమీ పడిపోలేదు. గేటు గొళ్లెం పెడుతూ, ఈ కాలం పిల్లలకు పెద్దలంటే గౌరవం లేదని అరుణతో అన్నాడు.