నీలం గుజ్జు

ఆయమ్మకు చదువు రాదన్న సంగతి ఆ బళ్లో ఎవరికీ తెలియదు. ఐదో తరగతి చదివానని అబద్ధమాడి పనిలో చేరింది. సంతకం మాత్రం బొమ్మ గీసినట్టు గీయడం నేర్చుకుంది. పందొమ్మిదేళ్లుగా ఏ కాగితం ఏ గదికో రంగు చూసి, మందం తడిమి చేరవేస్తోంది. చదువుకున్న గుమాస్తా కూడా అప్పుడప్పుడూ తికమకపడేవాడు గానీ ఆమె ఒక్కసారీ పొరబడలేదు. అయినా ఎవరైనా "ఇదేంటో చూడు ఆయమ్మా" అంటే చాలు, ఏదో పని వంక పెట్టి తప్పుకునేది. గుట్టు బయటపడితే ఉద్యోగం పోతుంది. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

ఆ రోజు ఐదో తరగతిలో పాత కాగితాల గుజ్జుతో కొత్త కాగితం తయారీ. "కింది అరలో పాత ఆన్సర్ పేపర్ల కట్టుంది, పైన రాసుంటుంది, పట్రా ఆయమ్మా" అంది కొత్తగా వచ్చిన క్రాఫ్టు టీచరు. వెళ్లి చూస్తే రెండు కట్టలున్నాయి. ఒకే రంగు అట్ట, ఒకే పురికొస. తడిమినా తేడా తెలియలేదు. అడుగుదామంటే భయం. అట్ట మూల నలిగిందే పాతది అయ్యుంటుందని అదే తెచ్చింది.

పిల్లలు బరబరా చింపి వేడినీళ్ల తొట్టిలో పడేశారు. కాగితం దేనికి పనికొస్తుందని టీచరు అడిగితే పడవకి, పొట్లానికి, టిక్కెట్టుకి, పొద్దున్నే నాన్న మొహం దాచుకోడానికి అన్నారు. "మరి ఆయమ్మకో?" అన్నాడొకడు.

"నాకా? ఊడ్చుకోడానికి!" అంది. అందరూ నవ్వారు.

తనూ నవ్వుతూ తొట్టిలో కర్ర పెట్టి తిప్పింది. నీళ్లు నీలంగా మారాయి. దిద్దిన పేపర్లయితే ఎర్రసిరా కూడా దిగాలి కదా? ఎంత తిప్పినా ఎరుపు జాడే లేదు. ఆమె చేతిలో కర్ర ఆగిపోయింది.

గంట తిరక్కుండానే హెడ్మిస్ట్రెస్ వచ్చింది. ఏడో తరగతి పరీక్ష పేపర్లు, ఇంకా దిద్దనివి, కనిపించడం లేదు. తొట్టిలోకి చూసి ఆవిడ మొహం మాడిపోయింది.

"పైన రాసుంది కూడా చూసుకోలేదా టీచర్?"

"పాత కట్టే తెమ్మన్నాను మేడమ్. చూసేసరికే చిన్న ముక్కలయ్యాయి, నేనూ గమనించలేదు."

"ఆయమ్మ పందొమ్మిదేళ్లలో ఒక్క కాగితం మార్చలేదమ్మా. నువ్వే తప్పు చెప్పుంటావు. రేపట్నుంచి రానక్కర్లేదు."

టీచరు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. నోరు విప్పకపోతే చాలు, గండం గడిచినట్టే. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది.

"జరిగింది నువ్వు కూడా రాసి సంతకం పెట్టు" అంటూ హెడ్మిస్ట్రెస్ తెల్లకాగితం, పెన్నూ ఆమె ముందుకు తోసింది.

ఆయమ్మ పెన్ను ముట్టుకోలేదు.

"టీచరమ్మది తప్పు కాదు మేడమ్. రెండు కట్టలున్నాయి. ఏది ఏదో నాకు తెలీలేదు. నాకు... చదువు రాదు. నేను చెప్తాను, మీరే రాసుకోండి."

హెడ్మిస్ట్రెస్ పెన్ను అందుకుంది. రాయడం అయిపోయాక ఆయమ్మ ఇన్నేళ్లూ గీసిన సంతకం గీయలేదు. బొటనవేలికి అంటిన నీలం గుజ్జు కొంగుతో తుడుచుకుని, "స్టాంపు ప్యాడ్ ఇలా ఇవ్వండమ్మా" అంది.